ఎత్తకపోతే ఛార్జీ లేదు

ఏప్రిల్ 6

పిచికకు,

ఉత్తరం మొదట్లో క్షేమమని రాయడం మన ఇంట్లో అలవాటు. ఈసారి ఆ మాట రాయబోయి ఆగాను. టెలిఫోను బిల్లు ఎదురుగా ఉంది. దాని మొహం చూస్తూ అబద్ధమాడటం కష్టం.

టెలిఫోన్లు కంపెనీవాడి చేతిలోంచి ప్రభుత్వం చేతిలోకి వచ్చాయని పోయిన నెల ఎంత సంబరంగా రాశావు! "ఇక టెలిఫోను మనందరిదీ, అమ్మమ్మా" అన్నావు. నిజమే కాబోలు, మనందరి బిల్లూ కలిపి నాకే పంపారు. కంపెనీవాడు దొంగే, కాదనను. కనెక్షన్ ఇవ్వడానికి మీ తాతయ్య జుట్టు నెరిసేదాకా తిప్పుకున్నాడు. కానీ వాడు బద్ధకపు దొంగ. కాల్‌కు ఒక ఛార్జీ వేసుకుని, ఆ తర్వాత మన జోలికి వచ్చేవాడు కాదు. మీవాళ్లకు శ్రద్ధ ఎక్కువ.

నెలంతా నేను ఫోన్లో మాట్లాడిన మాటలు కూడగడితే ఈ కాగితం నిండదు. బిల్లు చూస్తే మాత్రం ఊరి మీద ఉపన్యాసాలు ఇచ్చినట్టుంది. పక్షవాతం వచ్చాక మీ తాతయ్య ప్రతివాళ్లనీ సార్ అంటున్నారని నీకు తెలుసు. బిల్లు చూపిస్తే "కట్టెయ్యండి సార్" అన్నారు. పింఛను ఆయన మందులకే చాలీ చాలకుండా ఉంది, దేంతో కట్టను?

కట్టకపోతే లైను తీసేస్తామని అడుగున రాశారు. లైను పోకూడదే, పిచికా. మంచం పోయినా నేల మీద పడుకుంటాను గాని లైను పోకూడదు. ఛార్జీల సెక్షన్‌లో కూర్చున్నదానివి కనుక నిన్నే అడుగుతున్నాను: ఇది ఏ లెక్క?

నీకు ఎక్కాలు నేర్పిన పాపానికి,
అమ్మమ్మ


ఏప్రిల్ 13

అమ్మమ్మకు నమస్కారాలు, తాతయ్య సార్‌కు కూడా.

నీ ఉత్తరం సెక్షన్‌లో కూర్చుని చదివి నవ్వేశాను. మా సూపరింటెండెంటు కళ్లజోడు పైనుంచి చూశాడు.

కోప్పడకుండా విను. కంపెనీ ఉన్నప్పుడు ఫోను ఉన్న కొద్దిమంది పూటలకు పూటలు కబుర్లు చెప్పుకునేవాళ్లు, ఆ ఖర్చు చూపించి కంపెనీవాడు మిగతా ఊళ్లకు తీగ వేయలేదు. ఇప్పుడు లోకల్ కాల్‌కు కూడా ప్రతి మూడు నిమిషాలకూ ఒక ఛార్జీ. ఆ పట్టిక తయారుచేసింది మా సెక్షనే, అందులో రెండు కాలమ్‌లు నావి. దీనివల్ల వచ్చిన డబ్బుతోనే కొండ అవతలి ఆస్పత్రికి మొన్న ఫోను వచ్చింది. పాత పద్ధతుల్లో మంచివి ఉంచాం. అవతల ఎత్తకపోతే ఇప్పటికీ ఛార్జీ లేదు.

నీ బిల్లు సంగతి నాకు అర్థమైపోయింది. నేను ఎప్పుడు చేసినా మీ ఫోను ఎంగేజ్. చిన్నమ్మమ్మకు చేసినా ఎంగేజే. నువ్వేమో మాట్లాడటం లేదంటున్నావు. అంటే నువ్వు రిసీవరు సరిగ్గా పెట్టడం లేదు, లేకపోతే మీటర్ చెడిపోయింది. ఫాల్ట్ సెక్షన్‌లో నా చేత్తోనే ఫిర్యాదు రాసిచ్చాను. లైన్‌మాన్ వస్తాడు. ఈ నెల బిల్లు నేను కట్టేశాను, తిట్టకు.

చిన్నమ్మమ్మ బైండింగు పని ఎలా సాగుతోంది? ఇంకా ఆ మందుల షాపు మేడమీద గదిలోనేనా? ఆవిడ అట్టవేసిన డిక్షనరీ ఆఫీసులో అందరికీ చూపిస్తుంటాను.

నీ
పిచిక


ఏప్రిల్ 20

పిచికా,

రిసీవరు పెట్టడం రాని ముసలిదాన్ని అయిపోయానా? సంతోషం. ముందు ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకో. తర్వాత మిగతాది చదువు.

మీ మీటర్ దివ్యంగా ఉంది. ఎంగేజ్ వచ్చేది మేమిద్దరం లైను తెరిచి ఉంచుతున్నాం కనుక. పొద్దున లేచి నా చెల్లెలికి ఫోను చేస్తాను. అది ఎత్తుతుంది. "లేచావా?" అంటాను. "లేవకపోతే ఎవరెత్తారు?" అంటుంది. అంతే, మాటలు అయిపోయాయి. అది రిసీవరు పనిబల్ల మీద పెడుతుంది, నేను మీ తాతయ్య మంచం పక్కన స్టూలు మీద పెడతాను. రాత్రి అది పడుకునేదాకా అలాగే. కంపెనీవాడి హయాంలో ఇదంతా ఒక్క కాల్. అక్కడ కాగితాలు మడిచే చప్పుడు, పుస్తకం వెన్ను మీద సుత్తి చప్పుడు, జిగురు గిన్నె పొయ్యి మీద పెట్టిన చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంటాయి. దానికి ఇక్కడి నా సణుగుడు వినిపిస్తుంది. సుత్తి ఆగితే "ఏమే?" అని కేకేస్తాను. "ఉన్నాలే" అంటుంది. ఆ "ఉన్నాలే" కోసమే ఈ ఏర్పాటంతా.

ఎందుకని అడగకు. చెప్పనని దానికి మాటిచ్చాను. దాని గదిలో ఏ వేళ సుత్తి ఆగిందో నాకు తెలియాలి. అంత మటుకు తెలుసుకో, చాలు. మీ తాతయ్యను విడిచి గుమ్మం దాటలేను. అది ఆ బల్లనీ, కత్తినీ, ప్రెస్సునీ వదిలి ఇక్కడికి రాదు. వచ్చినా మేమిద్దరం ఒక కప్పు కింద ఒక పూట దాటితే కొట్టుకుని పేపర్లో పడతాం.

నువ్వు కట్టిన బిల్లు డబ్బు మనియార్డర్ చేస్తున్నాను. నా చెవులకు అయిన ఖర్చు నేనే భరిస్తాను. నువ్వు చేయాల్సింది ఒక్కటే. ఇలా వినడానికి మాత్రమే పెట్టుకున్న లైనుకు పాత ఛార్జీ ఏమైనా దొరుకుతుందేమో చూడు.

అమ్మమ్మ


ఏప్రిల్ 29

అమ్మమ్మా,

నీ ఉత్తరం చదివి ఏడుపొచ్చింది. మీరిద్దరూ ఇంత ఒంటరిగా ఉన్నారని నాకు తెలియలేదు. ఒకళ్ల చప్పుడు ఒకళ్లు వింటూ కాలక్షేపం చేయడం! నాదే పొరపాటు, ఎన్నాళ్లయిందో వచ్చి.

నీకొక రేడియో పంపాను. మంచి కంపెనీది. పొద్దుటినుంచి రాత్రిదాకా ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది, ఇల్లు బోసిపోదు. చిన్నమ్మమ్మకూ ఒకటి కొంటాను. మరి ఫోను అంటావా, పొద్దున మూడు నిమిషాలు, సాయంత్రం మూడు నిమిషాలు మాట్లాడుకోండి. అన్ని కబుర్లూ సరిపోతాయి.

వినడానికి మాత్రమే పెట్టిన లైను గురించి సూపరింటెండెంటును అడిగాను. "మాట్లాడకపోతే కాల్ ఎందుకమ్మా చేయడం?" అన్నాడు.

ఫిర్యాదు ఒకసారి నమోదయ్యాక వెనక్కి రాదట, పరిష్కారమే కావాలట. కంగారుపడకు. లైన్‌మాన్ వచ్చినప్పుడు అంతా బాగుందని చెప్పి పంపించెయ్యి.

నీ
పిచిక


మే 8

పిచికా,

రేడియో అందింది. మీ తాతయ్య దానితో "సార్, కొంచెం నెమ్మదిగా" అంటున్నారు. అది ఆయన మాట వినడం లేదు. పొగరుబోతు రేడియో.

మీ లైన్‌మాన్ వచ్చాడు. స్టూలు మీద పడుకోబెట్టిన రిసీవరు చూశాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఎవరూ మాట్లాడటం లేదేంటండీ?" అన్నాడు.

"మాట్లాడరు, బాబూ. నేను వింటున్నాను."

"ఏం వింటున్నారు? అట్ట కోస్తున్న చప్పుడేగా?"

"అదే."

నన్ను ఒకసారి, మీ తాతయ్యను ఒకసారి చూసి, జాలిపడి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి ప్రతి పది నిమిషాలకూ లైను తెగిపోతోంది. నీ ఫిర్యాదు పరిష్కారమైందట, పిచికా. లైను ఊరికే తెరిచి ఉంటోంది కనుక ఎక్స్ఛేంజిలోనే కోసేసే ఏర్పాటు చేశారట. పెద్ద బిల్లు రాకుండా నాకు మేలు చేశారట.

తెగిన ప్రతిసారీ మళ్లీ చేస్తున్నాను. ప్రతిసారీ అది జిగురు చేతులు తుడుచుకుని వచ్చి ఎత్తాలి. ఒక్క పేజీ అతికించనివ్వవు కదే అని తిడుతోంది. నిన్న రెండుసార్లు ఎత్తలేదు. ఒకసారి కత్తి చేతిలో ఉందట. రెండోసారి విసుగట.

ఇక మాట తప్పుతున్నాను. నీ చిన్నమ్మమ్మకు మూర్ఛలు వస్తున్నాయి. రెండేళ్లుగా. మాత్రలు వేసుకుంటుంది, అయినా వస్తాయి. వేడి జిగురు గిన్నె పక్కన, ప్రెస్సు ఇనుప చక్రం పక్కన, ఒక్కతీ. ఇంటాయన కింద మందుల షాపాయనే. పొయ్యి దగ్గర పడే మనిషికి మేడ అద్దెకిస్తాడా? తెలిసిన రోజే సామాను మెట్ల మీద ఉంటుంది. ఆ బల్ల లేకపోతే అది బతకదు. అందుకే ఎవరికీ చెప్పవద్దంది.

పోయిన చలికాలం ఒకరోజు సుత్తి ఆగింది. కేకేశాను. "ఉన్నాలే" రాలేదు. బల్ల కాలికి మడమలు కొట్టుకుంటున్న చప్పుడు వచ్చింది. కిటికీలోంచి కింద సైకిలు షాపు కుర్రాణ్ణి, అదే మన పంక్చరును పిలిచాను. వాడు తొక్కుకుంటూ పోయి పక్కకు తిప్పి పడుకోబెట్టాడు కనుక బతికింది. వాడు అటు వెళ్లినప్పుడల్లా ఇంటాయనకు అనుమానం రాకుండా ఒక పుస్తకం పట్టుకెళ్తాడు. వాడి పాత బిల్లు పుస్తకాలకు ఈపాటికి తోలు అట్టలు పడ్డాయి.

ఇప్పుడు నాకు ఏ నిశ్శబ్దం ఏమిటో తెలియడం లేదు. లైను తెగిందా, అది విసుక్కుందా, పడిపోయిందా? మూడూ ఒకేలా ఉంటున్నాయి. నీ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ఆ కోత తీయించు. బిల్లు ఎంతైనా రానీ.

అమ్మమ్మ


మే 14

అమ్మమ్మా,

ఎందుకు ముందే చెప్పలేదు? ఎందుకు? నేను రేడియో పంపానే!

ఫాల్ట్ సెక్షన్‌కు వెళ్లాను. కోత తీయాలంటే ఎక్స్ఛేంజి ఇంజనీరు సంతకం కావాలట. ఆయన టూర్‌లో ఉన్నాడు. ఆయన కింద ఉన్నాయన "ఇది సబ్‌స్క్రైబరు మేలు కోసం చేసినది, తీసేయమని సబ్‌స్క్రైబరు ఎందుకు అడుగుతారు?" అంటాడు. చెప్పాను. మొత్తం చెప్పాను. "మరి అలాంటి మనిషిని ఒంటరిగా ఎందుకు ఉంచారు?" అన్నాడు. రోజూ ఆయన బల్ల ముందు నిలబడుతున్నాను. నన్ను చూడగానే ఫోను ఎత్తి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తాడు. దానికి ఛార్జీ ఎవరు కడతారో!

ఈలోగా నువ్వొక్కదానివీ తిప్పలు పడకుండా ఒక పని చేశాను. మందుల షాపాయనకు ఉత్తరం రాశాను. చిన్నమ్మమ్మ సంగతి వివరంగా రాసి, పైన చప్పుడు ఆగితే ఒకసారి మెట్లెక్కి చూడమని బతిమాలాను. మీ నంబరు కూడా ఇచ్చాను. మందులమ్మే మనిషికి జబ్బంటే ఏమిటో తెలియదా? ఇల్లు ఖాళీ చేయిస్తాడని మీరు లేనిపోని భయం పెట్టుకున్నారు. లోకం అంత చెడ్డది కాదు.

సెలవు అడిగాను. సంతకం చేయించి ఆ కాగితంతోనే వస్తాను.

నీ
పిచిక


మే 21

పిచికా,

మందులమ్మే మనిషికి జబ్బంటే తెలుసు. బాగా తెలుసు. నీ ఉత్తరం చేత్తో పట్టుకునే మెట్లెక్కాడట. దానికే చదివి వినిపించాడట. నెలాఖరుకు గది ఖాళీ చేయాలి.

"నీ నోట్లోంచి వచ్చింది కదూ, అక్కా?" అంది. ఫోన్లో నాతో అది అన్న ఆఖరి మాట అదే. మూడు రోజులైంది. నేను చేస్తూనే ఉన్నాను, మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు. మొన్న పంక్చరును పంపాను. "మీ అమ్మగారికి చెప్పు, నేను చచ్చాక ఫోను చేసి చెప్తానని" అందట. నిన్న పంపాను. జిగురు కుంచె విసిరింది. వాడి చొక్కా పాడైంది. ఈ పొద్దున్న పంపాను. తలుపు తీయలేదు గాని లోపలినుంచి సుత్తి మాత్రం గట్టిగా వినిపించిందట. పుస్తకాన్ని కొడుతోందో నన్నే కొడుతోందో.

నీ మీద కోపం లేదని రాయలేను. నా మీద లేదనీ రాయలేను. ఆ రెంటినీ తూచే ఓపిక ఇప్పుడు లేదు.

ఇది రాస్తూ మధ్యలో మళ్లీ చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. కోపంలే. చిన్నప్పుడు దాని బొమ్మ విరగ్గొట్టానని వారం రోజులు మాట్లాడలేదు, ఒకే కంచం దగ్గర కూర్చుని. ఇక ఈ పూటకు ఎవరినీ పంపను. ఎంత తరిమితే అంత బిగుసుకుంటుంది. సాయంత్రానికి అదే ఎత్తుతుంది.

అమ్మమ్మ


మే 22

అమ్మమ్మా!

అయిపోయింది! ఇంజనీరు నిన్న సాయంత్రం టూర్ నుంచి రాగానే గుమ్మంలోనే పట్టుకున్నాను. పెద్దమనిషి, చెప్పుల్లోనే నిలబడి అంతా విన్నాడు. "మా అమ్మ అయినా ఇదే చేసేది" అంటూ గోడకు ఆనించి సంతకం పెట్టాడు. నా ఎదురుగానే మీ ఎక్స్ఛేంజికి ఫోను చేసి చెప్పించాను. ఇప్పుడు మీ లైను ఎంతసేపు తెరిచి ఉంచినా తెగదు. ఛార్జీ మటుకు తప్పదు. అది నా జీతంలోంచి పట్టుకోమని రాసిచ్చేశాను, నువ్వు ఎన్ని మనియార్డర్లు పంపినా తిప్పి పంపుతాను.

మందుల షాపాయన పలికాడా? మంచివాడేనా? ఈ ఉత్తరం నీకు అందేసరికి ఆ సుత్తి చప్పుడు మళ్లీ నీ చెవిలో ఉంటుంది. చిన్నమ్మమ్మతో చెప్పు, పది నిమిషాలకోసారి లేవక్కర్లేదని. ఒక్కసారి ఎత్తితే చాలు.

వారంలో వస్తున్నాను.

నీ
పిచిక


జూన్ 19

పిచికకు,

వచ్చావు, ఉన్నావు, వెళ్లావు. ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోలేకపోయాం. నువ్వు తాతయ్య గోళ్లు తీశావు, నేను తుడిచిన గిన్నెలే తుడిచాను. నోటితో అనలేనిది రాస్తాను. రాయకపోతే నువ్వు నీకు తోచినట్టు నీ మీదే వేసుకుంటావు. లెక్కల్లో నీకా అలవాటు ఉంది. మిగిలినదంతా నీ కాలమ్‌లోకి తోసేస్తావు.

మే 21 నాటి ఉత్తరం మడిచి పంక్చరుకిచ్చి డబ్బాలో వేయమన్నాను. వాడు మెట్లు దిగుతూ ఆగాడు. "అటేగా అమ్మగారూ వెళ్తున్నది, ఒకసారి చూసి రానా?" అన్నాడు. "వద్దు, దాన్ని అలగనీ" అన్నాను. ఆ ఒక్క మాటలో నువ్వు లేవు. మీ డిపార్ట్‌మెంటు లేదు, మందుల షాపాయన లేడు. దాన్ని మాత్రం నేను ఎవరితోనూ పంచుకోను.

డాక్టరు చెప్పిన వేళను బట్టి చూస్తే, నేను ఉత్తరం మధ్యలో చేసినప్పుడు అది ఇంకా ప్రాణంతోనే ఉంది. బల్ల కింద, ప్రెస్సుకీ గోడకీ మధ్య. ఫోను దాని తలపైనే మోగింది.

నీ మే 22 ఉత్తరం మర్నాటికీ రాలేదు, ఆ మర్నాటికీ రాలేదు. అన్నీ అయ్యాక వచ్చింది. చదివి దాచాను. పారేయలేదు. ఆ ఇంజనీరు గారికి నా నమస్కారాలు చెప్పు.

మీ వాళ్లు నిన్న ఒక కాగితం పంపారు. చెల్లెలి ఫోను తీసేయాలంటే సబ్‌స్క్రైబరు స్వయంగా సంతకం చేయాలట, లేదా ఆమె లేరనడానికి రుజువు జతపరచాలట. రుజువు నా దగ్గర ఉంది. జతపరచలేదు. గదికి ఈ నెలాఖరుదాకా అద్దె నేనే ఇచ్చాను. బల్లా, ప్రెస్సూ కొనేవాడు వచ్చేదాకా ఉండనీ అని ఇంటాయనతో చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. నువ్వన్నది నిజమే, లోకం అంత చెడ్డది కాదు. కాస్త ఆలస్యంగా వస్తుంది.

పొద్దున లేచి ఆ నంబరుకే చేస్తున్నాను. అలవాటు. మోగుతుంది. రిసీవరు స్టూలు మీద పెడతాను. మోగి మోగి ఆగిపోతే మళ్లీ చేస్తాను. ఆ గది నాకు బాగా తెలుసు. ఆ మోత అట్టల దొంతర మీద ఎలా పడుతుందో, గాజు కిటికీకి తగిలి ఎలా తిరిగొస్తుందో కూర్చుని వింటాను. మీ తాతయ్య నిన్న రిసీవరు వంక చూసి, "ఎవరో ఫోను చేస్తున్నారు, ఎత్తండి సార్" అన్నారు. "ఎత్తుతుంది లెండి" అన్నాను.

బిల్లు వచ్చింది. ఈ నెల ఏమీ లేదు, ఫోను అద్దె తప్ప. మీ పట్టికలో నీ రెండు కాలమ్‌లూ ఎక్కడున్నాయో నాకు తెలియదు గాని, ఆ ఒక్క పాత నియమం ఉంచినందుకు మీ సెక్షన్‌కు రుణపడి ఉన్నాను. రోజంతా మోగినా నాకు ఏమీ పడటం లేదు.

కనుక నెలాఖరుదాకా ఆ లైను తీయించకు, పిచికా. అవతల ఎత్తితేనే కదా ఛార్జీ. ఎత్తితే కడతాను.

అమ్మమ్మ